పసుపు గీత వెనక

స్త్రీల కారాగారంలోని ములాఖత్ గది, బయట మంచు. బల్లకు ఒక వైపు ఖైదీ వెల్డా, మరొక వైపు చక్రాల కుర్చీలో మార్లిస్, ఇద్దరి మధ్య నేల మీద వెల్డా జైల్లో పెంచి, తర్ఫీదిచ్చి మార్లిస్‌కి తోడుగా పంపిన బార్లీ అనే నల్లని లాబ్రడార్, గోడవారగా కాపలా అధికారిణి ప్రూట్.

"కరవలేదంటున్నారు. మొరగలేదంటున్నారు. ఎవరి మీదా ఎగబడలేదు. మరి ఫిర్యాదు దేనికి, మార్లిస్ గారూ?"

"ఫిర్యాదు నేను చెయ్యలేదని చెప్తున్నానుగా, వెల్డా. మా పొరుగావిడ చేసింది. ఆవిడ నోరు ఊరుకోదు."

"ఊరికే చెయ్యదుగా ఆవిడైనా. కుక్కల సంస్థ నుంచి ట్రూడీ వచ్చింది నిన్న. బార్లీ సంగతి తేలేదాకా నా దగ్గర ఏ కుక్కా ఉండకూడదంది. నా గదిలో పెరుగుతున్న కుక్కపిల్లని తీసి పక్క గదికిచ్చేశారు. గోడ అవతల అది ఒకటే ఏడుపు. ఏమైంది ట్రూడీ అంటే చెప్పదు. మార్లిసే వచ్చి చెప్తుందిలే అంది."

"చెప్పడానికేముంది. చిన్న సంగతి. నేను జారాను, అంతే."

"జారారా, పడ్డారా?"

"జారి పడ్డాను. కుర్చీలోంచి. పై అరలో బీట్‌రూట్ ఊరవేసిన సీసా ఉంటే అందుకోబోయి..."

"దెబ్బ తగిలిందా?"

"మోచెయ్యి కొంచెం. వీణ్ణి చూశావా, ఎంత నిగనిగలాడుతున్నాడో? మా చర్చివాళ్ళకి వీడంటే ఎంత ఇష్టమనుకున్నావు. నేను ఆర్గన్ వాయించినంతసేపూ నా కుర్చీ కింద కదలకుండా పడుకుంటాడు. చేతులతోనే వాయిస్తున్నాలే, కాళ్ళు పనిచెయ్యవుగా ఇప్పుడు."

"మాట మార్చకండి. మీరు పడితే వాడేం చెయ్యాలో నేను నేర్పి పంపాను. ఫోను తెచ్చివ్వాలి."

"ఫోను పడగ్గదిలో ఉంది."

"ఉంటే? వెళ్ళి తేవాలి."

"వంటింటి తలుపు వేసి ఉంది. ఈ చలికి వెయ్యకపోతే వేడి నిలవదు కదా."

"తలుపు పిడికి పట్టీ కట్టి ఉందిగా? నేనే కుట్టిచ్చాను. 'తలుపు, లాగు' అన్నారా?"

"అన్నాను."

"అంటే?"

"ఆఫీసరు గారూ, ఇక్కడ కాఫీ దొరుకుతుందా?"

"అదిగోనండి మెషీను. డబ్బులు వెంటనే పుచ్చుకుంటుంది. కాఫీ మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడిస్తుంది."

"మార్లిస్ గారూ. వాడేం చేశాడు?"

"వెళ్ళాడు. చెప్పగానే వెళ్ళాడు పాపం. తలుపు దాకా వెళ్ళి కూర్చున్నాడు."

"కూర్చున్నాడా?"

"నిటారుగా. చర్చిలో ముందు వరసలో కూర్చోబెట్టిన పిల్లాడిలా."

"పట్టీ నోట పట్టలేదా?"

"దాని వంకే చూడలేదు."

"మళ్ళీ చెప్పారా?"

"గొంతు పోయేదాకా చెప్పాను. వెనక్కి తిరిగి నన్ను చూస్తాడు, తోక ఊపుతాడు, మళ్ళీ పైకి చూస్తాడు."

"పైకా? పైకంటే ఎక్కడికి?"

"తలుపు పైకి, ఎడమ మూలకి. అక్కడేముందా అని నేల మీద పడుకునే నేనూ చూశాను. సాలెగూడు తప్ప ఏం లేదు."

"అయ్యో."

"ఏమిటి?"

"అయ్యో బార్లీ. నా తండ్రీ."

"ఏమిటి వెల్డా? ఎందుకలా అయిపోయావు?"

"మీరిప్పుడు వచ్చిన తలుపు చూడండి. పైన, ఎడమ మూల. ఏముంది?"

"ఏదో ఇనప డబ్బా."

"గంట. ఇక్కడ ఏ తలుపూ మేం తియ్యం. పసుపు గీత వెనక నిలబడతాం. అద్దాల గదిలో ఉన్నవాళ్ళు మీట నొక్కితే ఆ డబ్బా గర్రుమంటుంది, తలుపు దానంతటదే జరుగుతుంది. అప్పుడు మేం అడుగు వేస్తాం. తిండికి అంతే, స్నానానికి అంతే, పెరట్లో గాలి పీల్చుకోడానికి అంతే. వాడు నా మోకాలి పక్కన కూర్చుని ఆ డబ్బానే చూస్తుండేవాడు. ఎంత బుద్ధిమంతుడో అనుకుని బిస్కెట్ ముక్క పెట్టేదాన్ని."

"తలుపు లాగడం నేర్పానన్నావు కదా మరి?"

"నేర్పాను. మా హాల్లో చెక్క చట్రానికి బిగించిన తలుపొకటుంది. ఇటు గోడ లేదు, అటు గది లేదు, వట్టి తలుపు. దాన్ని వాడు నిద్రలో లేపినా లాగుతాడు. ట్రూడీ చూసి చప్పట్లు కూడా కొట్టింది. వాడికేం అర్థమైందో ఇప్పుడు తెలుస్తోంది నాకు. గోడ లేని తలుపైతే అది ఆట. గోడ ఉన్న తలుపైతే..."

"ఆగాలి."

"ఆగాలి. నేను ఆగాను కనక. ఎంతసేపున్నారు అలా?"

"ఎలా?"

"నేల మీద."

"పొరుగావిడ కూర గిన్నె పట్టుకుని వచ్చేదాకా."

"ఎప్పుడొచ్చింది?"

"సాయంకాలం."

"మీరు పడ్డదెప్పుడు?"

"పొద్దున. మొదటి కాఫీ అయ్యాక. అలా చూడకు వెల్డా. వాడు వచ్చి నా వీపుకి ఆనుకుని పడుకున్నాడు, వెచ్చగానే ఉంది. కాసేపటికి లేచి వెళ్ళి తలుపు దగ్గర కూర్చునేవాడు. మళ్ళీ నా దగ్గరికొచ్చేవాడు. నామీద ప్రేమ లేక కాదు."

"మీరు ప్రేమ అడగలేదు. తలుపు తియ్యమని అడిగారు."

"నువ్వు మరీ కఠినంగా మాట్లాడతావు."

"ఈ చలిలో ఇంకాస్త ఆలస్యంగా ఆవిడ కూర వండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, మీకు తెలుసు. ఇక మెత్తగా ఏం మాట్లాడను?"

"సరే విను. అందుకే నేనింత దూరం వచ్చాను. ట్రూడీ బయట కూర్చుంది, నేను వెళ్ళాక అడుగుతుంది. ఆ రోజు బార్లీ తలుపు తీశాడని చెప్తాను."

"ఏమిటీ?"

"తీశాడు, గాలికి అది మళ్ళీ మూసుకుపోయింది, పొరుగావిడకి చూపు ఆనదు, చూసుకోలేదు అంటాను. నా మాట కాదంటారా? మా ఊళ్ళో సగం మంది పెళ్ళిళ్ళకి నేనే వాయించాను."

"ఎందుకు?"

"ఎందుకంటే, డబ్బు తీసుకునేదాన్ని కాదు కనక..."

"అది కాదు. నాకోసం మీరు అబద్ధమెందుకాడాలి?"

"నిన్ను కుక్కల పని తీసేసి లాండ్రీలో వేస్తారట. ట్రూడీ అంది."

"వేస్తే వేస్తారు. మీకేం?"

"నువ్వు మంచి పిల్లవి."

"మీకెలా తెలుసు? బార్లీని అప్పగించిన రోజు ఒక్కసారి చూశారు నన్ను. అది సరే. ట్రూడీ ఇంకో మాట కూడా అంది. మీ ఊరి దగ్గరే వేరే సంస్థ ఉందట. కుక్కనిస్తాం రమ్మన్నారట. వద్దన్నారట మీరు. ఈ జైల్లో పెరిగిన కుక్కే కావాలి, అందులోనూ వెల్డా చేతి కిందిదే కావాలి అని పట్టుబట్టి, పాకుతూ దేకుతూ రెండు చలికాలాలు కాచుకున్నారట. ఏం, వాళ్ళ కుక్కలు కుక్కలు కావా?"

"పేపర్లో ఫోటో వేశారుగా, నీదీ ఒక కుక్కదీ. చూసి ముచ్చటేసింది."

"ముచ్చట."

"ముచ్చటే. నవ్వుతావెందుకు?"

"నవ్వలేదు. అబద్ధం వద్దండి. నామీద జాలైతే ఆ జాలి కూడా వద్దు. ఒక్క బార్లీ సంగతి కాదిది. ఇక్కణ్ణుంచి వెళ్ళిన ప్రతి కుక్కా మా పక్కన ఆ గీత వెనక కూర్చుని పెరిగిందే. అన్నీ అలాగే కూర్చుంటాయి. మీకు పొరుగావిడ ఉంది. పొరుగు లేనివాళ్ళు ఏ పొలాల మధ్యో ఉంటారు."

"అన్నీ నువ్వే నేర్పావా? అందరూ కలిసి నేర్పినదానికి తప్పు నీ నెత్తిన రుద్దుతారు."

"రుద్దితే మోస్తాను. ఇందులో నా తప్పుంది. లేని తప్పే మోస్తున్నాను, ఉన్నది మొయ్యలేనా?"

"అలా అనకు."

"ఏం, మీకు తెలీదా నేనెందుకున్నానో? పేపరు చదువుతారుగా. మా తమ్ముడు సిగరెట్లు కొనుక్కొస్తాను, కారు పక్కకి ఆపు అక్కా అన్నాడు. ఆపాను. వాడు లోపల కొట్టు మనిషిని తుపాకీతో కాల్చేశాడు. నేను కార్లో రేడియో వింటున్నాను. కార్లో ఉన్నదానికీ అదే నేరం, తెలిసి తీసుకెళ్ళి ఉంటే. తెలుసా తెలియదా, అదొక్కటే తీర్పు చెప్పే జ్యూరీ తేల్చాల్సింది. ఇంజను ఎందుకు ఆపలేదు అన్నారు కోర్టులో. పారిపోవడానికి సిద్ధంగా ఉంచావు కదూ అన్నారు."

"ఆ చలిలో ఇంజను ఎవరు ఆపుతారు? మళ్ళీ స్టార్టవుతుందా? ఇక్కడ పుట్టినవాళ్ళెవరూ ఆపరు."

"జ్యూరీలో పన్నెండు మందీ ఇక్కడ పుట్టినవాళ్ళే. ఒక్కళ్ళకీ తోచలేదు కాబోలు ఆ మాట."

"తోచిందేమో. ఒకళ్ళు అన్నారేమో. మూడు రోజులూ అదే అన్నారేమో."

"మూడు రోజులని నేను చెప్పానా?"

"పేపర్లో వచ్చింది."

"అన్నీ పేపర్లోనే వస్తాయి మీకు."

"ముసల్దాన్ని, ఇంకేం పని నాకు."

"మూడు రోజులు. వాళ్ళు ఆ గదిలో, నేను ఇటు గదిలో. తలుపు చూస్తూ కూర్చోవడం నేను జైల్లో నేర్చుకోలేదు, అక్కడే నేర్చుకున్నాను. ఎప్పుడు తీస్తారా, ఎప్పుడు వస్తారా అని."

"ఆ తలుపు లోపలివాళ్ళు తియ్యలేరు, వెల్డా. బయట మనిషి ఉంటాడు. పన్నెండు మందీ ఒక్క మాట మీదికి వస్తేగాని తియ్యడు. అవన్నీ చెక్క కుర్చీలు, నడుం..."

"ఏమన్నారు?"

"ఏం లేదు. ఎవరో చెప్తే విన్నాను. చర్చిలో."

"చర్చిలో."

"అవును."

"మీ జబ్బు ఎప్పుడు మొదలైంది, మార్లిస్ గారూ?"

"చాలా ఏళ్ళైంది. మొదట నడుం నుంచి కిందికి మంట. ఏం రోగమో తెలీదు అప్పటికింకా. కూర్చుంటే ప్రాణం పోయేది. కాలివేళ్ళు మొద్దుబారి ఆర్గన్ పెడల్ ఎక్కడుందో తెలిసేది కాదు. ఆ చలికాలంలోనే..."

"ఏ చలికాలం?"

"ఏదో చలికాలం. అన్నీ చలికాలాలేగా మనకి."

"నా కేసూ చలికాలమే. మూడో రోజు సాయంత్రం వచ్చారు వాళ్ళు, రెండు వరసల్లో కూర్చున్నారు. నేరస్తురాలే అని చదివారు. మా లాయరు లేచి, ఒక్కొక్కళ్ళనీ అడగండి అన్నాడు. జడ్జిగారు అడిగారు, ఇది మీ నిర్ణయమేనా అని. అవును. అవును. అవును. ఇక్కడి తలుపులు ఒకదాని తర్వాత ఒకటి పడ్డట్టే. చివర కూర్చున్న ఒకావిడ దగ్గరికొచ్చేసరికి..."

"వాడికి దాహమేస్తున్నట్టుంది. నాలిక చూడు."

"దాహం లేదు వాడికి."

"ఉంది, ఉంది. ఆఫీసరు గారూ, కాస్త నీళ్ళు దొరుకుతాయా? టైమెంతయింది?"

"టైముందండి. నీళ్ళు ఇస్తాను. మీక్కూడా తేనా? చెమటలు పడుతున్నాయి మీకు, ఈ గదిలో."

"నాకేం వద్దు."

"ప్రూట్ మేడమ్, ఒకటి అడుగుతాను. తిట్టకండి."

"తిట్టేదైతేనే ఇలా మొదలుపెడతావు నువ్వు. అడుగు."

"ఆ మూల, ములాఖత్‌కి వచ్చే పిల్లల బొమ్మలు పెట్టే గది తలుపు. దానికి గంటా లేదు, తాళమూ లేదు కదా?"

"లేదు. అయితే?"

"దాన్ని నేను తియ్యాలి. నా చేత్తో, బార్లీ చూస్తుండగా. వాడు పుట్టి బుద్ధెరిగాక నేను తలుపు తియ్యడం చూడలేదు. నేనే తియ్యనిదాన్ని వాడెందుకు తీస్తాడు?"

"ఖైదీ తలుపు ముట్టుకోకూడదు వెల్డా."

"తెలుసు."

"ఆఫీసరు గారూ, మీరు కాసేపు అటు తిరిగితే సరిపోతుంది. ఎవరు చూస్తారు?"

"అమ్మా, అటు తిరిగి చేసే పనులు నేను చెయ్యను. ఇటు తిరిగే చేయిస్తాను. కుక్క తర్ఫీదు కోసం నేనే తియ్యమన్నానని పై వాళ్ళకి చెప్తాను. తిడితే పడతాను. లే వెల్డా. రా. బార్లీని పిలు."

"వస్తున్నాను."

"అక్కడే ఆగిపోయావేం? పసుపు గీత దాటు."

"కాలు రావటం లేదు మేడమ్."

"దాటమంటున్నది నేను. వాడు చూస్తున్నాడు నీ వంక. దాటు. ఆఁ. ఇప్పుడు పిడి పట్టుకో."

"ఎంత చల్లగా ఉంది. ఇది తొయ్యాలా?"

"తిప్పి నీ వైపుకి లాక్కోవాలి, వెల్డా."

"తిరగటం లేదు."

"అటు కాదు. కుడి వైపుకి. ఇంకా. ఇంకొంచెం."

"వచ్చింది. ఒరే బార్లీ, వచ్చిందిరా. చూశావా? గర్రుమనలేదు, ఏం లేదు. ఇదిగో వేసేస్తున్నాను. ఇదిగో మళ్ళీ తీస్తున్నాను. వెల్డా తీసింది, చూడు."

"పైకే చూస్తున్నాడు వెల్డా."

"చూడనివ్వండి. చూసి చూసి వాడికే విసుగు పుట్టాలి. మీ మెడలో గుడ్డ ఇటివ్వండి, పిడికి కడతాను, గడి పడకుండా తలుపు దగ్గరికి మాత్రం వేస్తాను. మాట మాత్రం మీరే చెప్పాలి. కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకోండి. ఆఁ, అక్కణ్ణుంచి."

"బార్లీ! తలుపు! లాగు!"

"అరవకండి. మీరు భయపడుతున్నారని వాడికి తెలుస్తుంది. ఉప్పు అందుకోమన్నట్టు చెప్పండి."

"బార్లీ. తలుపు. లాగు."

"నన్ను చూస్తున్నాడు. నన్ను కాదురా, ఆవిడ్ని చూడు. ఏం చెప్పింది ఆవిడ?"

"లాగు, నాన్నా."

"పట్టుకున్నాడు."

"లాగాడు. వెల్డా, లాగాడు!"

"బిస్కెట్ పెట్టండి. ముందు బిస్కెట్ పెట్టండి, ఏడవడం తర్వాత."

"నేనేం ఏడవటం లేదు."

"సరే. మళ్ళీ వేస్తాను, మళ్ళీ చెప్పండి."

"బార్లీ. తలుపు. లాగు. చూశావా, ఈసారి పైకి చూడనే లేదు!"

"ఇక చాలు, వెల్డా. వచ్చి నీ కుర్చీలో కూర్చో."

"వస్తున్నాను మేడమ్. ఈ రెండుసార్లతో అయిపోలేదు, మార్లిస్ గారూ. ఇంటికి వెళ్ళాక ప్రతి తలుపు దగ్గరా చెయ్యాలి. ముందు పొరుగావిడ చేత తీయించండి, వాడు చూడాలి. తర్వాత ఆవిడ పక్కనుండగా మీరు నేల మీద పడుకుని చెప్పండి. నేల మీంచి వచ్చే గొంతు వేరు."

"చేస్తాను. అన్నీ చేస్తాను. ఇప్పుడిక గొడవే లేదు కదా. వీడు తలుపు తీశాడు, నేను కళ్ళారా చూశాను. ట్రూడీతో తీశాడని చెప్తే అబద్ధం కూడా కాదు."

"ఆ రోజు తియ్యలేదు."

"తీశాడా అంటే తీశాడు అంటాను. ఏ రోజో ఆవిడడిగితే కదా."

"ఎంత తేలిగ్గా దారి దొరుకుతుందండీ మీకు."

"నీ మంచికే అంటున్నాను. ఆ కుక్కపిల్ల నీ దగ్గరికి వచ్చేస్తుంది."

"అది గోడ అవతల ఏడుస్తుంటే, నేను ఇటు గోడకి చెయ్యి ఆనించి కూర్చున్నాను. నాకు ఏం పోతుందో మీరు చెప్పక్కర్లేదు. కానీ బయటికెళ్ళిన కుక్కలన్నిటికీ మళ్ళీ నేర్పాలి. నేను నేర్పినా సరే, నన్ను లాండ్రీలో వేసి ఇంకొకళ్ళు నేర్పినా సరే. మీరు నిజం చెప్తేనే అది జరుగుతుంది. పడ్డది మీరు. నా మాట ఎవరు నమ్ముతారు? ఒకసారి చెప్పి చూశానుగా."

"వెల్డా..."

"టైమైందమ్మా. ట్రూడీ గారు అద్దం అవతల నిలబడ్డారు."

"ఒక్క నిమిషం మేడమ్. మార్లిస్ గారూ, ఆ రోజు బార్లీ తలుపు తియ్యలేదని ట్రూడీతో చెప్తారా?"

"వెల్డా, నీకు నేను ఎన్నాళ్ళ నుంచో ఒక మాట..."

"నేనడిగింది అది కాదు. చెప్తారా?"

"అవును."

"ట్రూడీ అడిగినప్పుడు మొదటిసారికే అనండి ఆ మాట. కోర్టులో జడ్జిగారు మిమ్మల్ని రెండుసార్లు అడగాల్సి వచ్చింది."